టెలివిజను హాస్యరూపకములందు స్థలైక్యము

నాటకవస్తువు ఒకే స్థలమున జరుగవలెనను నియమమును అరిస్టాటిల్ విధించెనని పలువురు వ్రాయుట కలదు. అది సరికాదు. ఆయన తన కావ్యశాస్త్రమున నొక్కి చెప్పినది వస్త్వైక్యమును మాత్రమే. స్థలనియమమును సూత్రీకరించినవాడు 1570లో ఆ గ్రంథమునకు వ్యాఖ్య వెలయించిన ఇటలీ పండితుడు కాస్టెల్వెట్రో. తరువాతి నాటకకర్తలు పెక్కుమంది ఈ నియమమును త్రోసిపుచ్చిరి. అట్లు తిరస్కృతమైన నియమము ఇరువదవ శతాబ్దిలో, శాస్త్రముచే గాక వ్యయభారముచే, టెలివిజనులో మరల ప్రవేశించెను. ఆ ప్రవేశము కళకు లాభమా, నష్టమా అను ప్రశ్నను ఇచ్చట విచారింపదలచితిమి.

సిట్‌కామ్ అని వ్యవహరింపబడు ధారావాహిక హాస్యరూపకము ఆదినుండియు ఇరుకు స్థలమునకు అలవడినదే. అమెరికాలో 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ని ప్రేక్షకుల యెదుట మూడు కెమెరాలతో ఏకకాలమున చిత్రీకరించిరి. ఈ పద్ధతిలో కొలదిపాటి సెట్లే ప్రతివారమును ఉపయోగపడును. క్రొత్తది నిర్మించినచో వ్యయము పెరుగును. కావున ఉన్న సెట్టుతో, ఉన్న నటులతో ఒక భాగమును నడుపు ఆచారము కలిగినది. దీనినే అమెరికనులు ‘బాటిల్ ఎపిసోడ్’ అందురు. 1996 సెప్టెంబరులో ప్రసారమైన ‘ఫ్రెండ్స్’ భాగమొకటి మోనికా ఇంటియందే నడచుట ఇట్టి పొదుపునకు ప్రసిద్ధోదాహరణము. అయితే పొదుపు పుట్టుకకు హేతువు కావచ్చును గాని గుణమునకు హేతువు కాజాలదు. గుణమునకు హేతువును రచనయందే వెదకవలెను.

బి.బి.సి. 1961 మే 26న ‘ది బెడ్‌సిటర్’ అను భాగమును ప్రసారము చేసినది. రచయితలు రే గాల్టన్, ఆలన్ సింప్సన్. నటుడు టోనీ హాన్‌కాక్. లండనులోని ఎర్ల్స్ కోర్టు ప్రాంతమున ఒక అద్దెగది, అందొక్క మనుష్యుడు. అతడు బెర్ట్రండ్ రస్సెల్ గ్రంథమును చదువబూని మాటిమాటికి నిఘంటువును తెరచును. తప్పు నంబరున వచ్చిన టెలిఫోను పిలుపు వలన ఒక యువతి పరిచయమై విందునకు ఆహ్వానము లభించును. పిదప ఆ ఆహ్వానము రద్దగును. అతడు మరల తన గదిలో మిగులును. ఇంతకుమించి కథ లేదు.

మన దశరూపకములలోని భాణము ఇచ్చట స్ఫురింపకమానదు. అదియు ఏకాంకము, ఏకపాత్రము. అందు విటుడు రంగమున కనబడని వారితో ఆకాశభాషితముచే సంభాషించును. హాన్‌కాక్ రూపకమున ఆ పనిని కొంతవరకు టెలిఫోను నెరవేర్చినది. కాని భేదము గమనింపదగినది. విటుడు వీథిని వర్ణించుచు లోకమునంతయు రంగముపైకి తెచ్చును. హాన్‌కాక్ గదిలోనికి లోకము రాదు. వచ్చినట్లే వచ్చి మరలిపోవును. ఇందలి హాస్యమునకు ఒంటరితనమే ఆలంబనము.

1974 నాటి ‘పారిడ్జ్’లోని ‘ఎ నైట్ ఇన్’ అను భాగమున స్థలము కారాగారపు గది. అనుభవజ్ఞుడగు ఫ్లెచర్, క్రొత్తగా శిక్షపడిన గాడ్బర్ అను ఇరువురు ఒక రాత్రిని గడపుటయే వస్తువు. ఇంటిపట్టున గడపు రాత్రిగా దీనిని భావింపుమని పెద్దవాడు చిన్నవానిని ఓదార్చును. తలుపు తెరచుకొని పోవుట అసాధ్యమగుటచేతనే ఆ ఓదార్పు హాస్యమును కరుణమును ఏకకాలమున కలిగించుచున్నది.

1991 మే 23న అమెరికాలో ప్రసారమైన ‘సైన్‌ఫెల్డ్’ ధారావాహికలోని ‘ది చైనీస్ రెస్టారెంట్’ వీనికి విలక్షణము. ఇందు తలుపు తెరచియే యున్నది. జెర్రీ, జార్జ్, ఎలైన్ అను మువ్వురు భోజనశాలలో బల్లకై వేచియుందురు. అయిదు పది నిమిషములలో దొరకునని నిర్వాహకుడు చెప్పుచునే యుండును. విసిగి వారు వెడలిపోయిన మరుక్షణమే వారి పేరు పిలువబడును. ఇందు కథయే లేదని ఎన్.బి.సి. అధికారులు ఆక్షేపించిరి, రచయితలలో ఒకడైన లారీ డేవిడ్, మార్పులు చేయించినచో తాను వైదొలగుదునని పట్టుపట్టెను. అధికారుల యాక్షేపణకు మూలము కథను సంఘటనల వరుసగా భావించుటయే. ఆకలియు, సినిమాకు వేళ మించిపోవుచున్నదను తొందరయు, ఆశయు వారిని నిలిపియుంచినవి. చెరసాల గోడల పనిని ఇచ్చట ఆశ చేసినదని మా యభిప్రాయము.

ఈ మూటిని పోల్చిచూడగా ఒక ప్రమాణము లభించుచున్నది. స్థలమును మార్చినచో వస్తువు చెడునా యని ప్రశ్నింపవలెను. చెడనిచో అది కేవలము పొదుపు. చెడినచో అది ఐక్యము. ‘ఫ్రెండ్స్’ భాగమున బిగువు స్థలముకన్న కాలమునుండియే యెక్కువగా పుట్టుచున్నది. వేళ మించకుండ సిద్ధము కావలెనన్నదే అందలి సంఘర్షణము. తక్కిన మూటియందును పాత్రలు కదలలేకపోవుటకు కారణమున్నది: ఒకనికి పోదగిన చోటు లేదు, ఇరువురకు పోవు స్వేచ్ఛ లేదు, మువ్వురకు పోవుటకు మనసొప్పదు. ఒకే సెట్టుపై నడచు మన ఏకాంకికలను పరిశీలించు విద్యార్థులకు సైతము ఈ ప్రశ్న ఉపకరింపగలదు. రంగమున తలుపు ఉన్నదా యని గాక, పాత్రలు దానిని దాటి ఏల పోకున్నారో విచారించుట మేలు.