యూరప్ కళాగాజు: తెలుగు నేల మీద ఒక తెగిన దారం

తెలుగులో ‘గాజు’కు రెండర్థాలు. కొలిమిలో కరిగే పదార్థమూ గాజే, ముంజేతికి తొడిగేదీ గాజే. యూరప్‌లో ప్రధానంగా చూడటానికని చేసిన పూలకూజాలు, పాత్రలు, బొమ్మలను కళాగాజు అంటారు. వాటిలో సుమారు 1940-70 మధ్య తయారైనవాటికి ఈనాడు సేకర్తల్లో గిరాకీ ఎక్కువ. తాడేపల్లిగూడెం, ఏలూరు వంటి ఊళ్లలో ఇది మనది కాని మోజుగా కనిపించవచ్చు. ఆ అభిప్రాయం నిలవదు. యూరప్ గాజు మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం నడిమిన ఆ దారం తెగింది, అయితే తెగడానికి కారణం మన అభిరుచి కాదు.

ముందు చేతి గాజు సంగతే చూద్దాం. అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో బొహీమియా ఒక భాగం. అక్కడి యాబ్లోనెట్స్ పట్టణాన్ని జర్మన్‌లో గాబ్లోంజ్ అనేవారు. ఆ చుట్టుపక్కల ఊళ్లు పూసలు, గుండీలు, గాజులు చేసి ప్రపంచమంతా పంపేవి. గాజులకు భారతదేశం పెద్ద బజారు. 1914లో యుద్ధం వచ్చి ఆ సరుకు ఆగిపోయాక జపాన్ గాజులు, ఫిరోజాబాద్ గాజులు ఆ చోటును ఆక్రమించాయి. మట్టిగాజులు కొనే ఆడవాళ్లు మలారంలో ఉన్నది ఏ దేశపు సరుకో ఎందుకు అడుగుతారు, రంగు నచ్చి చేతికి పడితే చాలు. గాజులు వ్యాపారపు సరుకనీ, కూజాలు కళ అనీ, రెండింటినీ ఒక గాట కట్టకూడదనీ ఎవరైనా అనవచ్చు. కానీ కొలిమి దగ్గర ఆ గీత లేదు. యాబ్లోనెట్స్‌కు దగ్గర్లోని జెలెజ్నీ బ్రొడ్‌లో 1920లో గాజు పనికి బడి పెట్టారు. తర్వాతి కాలంలో ఆ ఊళ్లోనే స్టానిస్లావ్ లిబెన్‌స్కీ, యారొస్లావా బ్రిఖ్తొవా దంపతులు గాజును శిల్పంగా పోతపోశారు. పూసలు చేసిన ప్రాంతమే శిల్పాన్నీ ఇచ్చింది.

రెండో సాక్ష్యం హైదరాబాదులో ఉంది. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) కూడబెట్టిన వస్తువుల్లో వెనిస్, బొహీమియా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ గాజు చాలా ఉంది. ఆయన పోయాక 1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా వచ్చింది, 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. ఇది నవాబుల విలాసమే కదా అంటే, నిజమే. అయితే ఆ విలాసం ఒకవైపు నుంచే నడవలేదు. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆస్లర్ కంపెనీ 19వ శతాబ్దంలోనే కలకత్తాలో దుకాణం తెరిచింది. యూరప్ కార్ఖానాలు ఇక్కడివాళ్ల కోసమే హుక్కా బుడ్లు తయారుచేశాయి. కొనేవాడి అభిరుచి చేసేవాడి చేతిని మార్చినప్పుడు ఆ వస్తువును పూర్తిగా పరాయిది అనలేం.

మరి దారం ఎక్కడ తెగింది? మద్రాసు రాష్ట్రంలో 1948 చట్టంతో జమీందారీలు, హైదరాబాదులో 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రద్దు కావలసినవే. వాటితోపాటు దొడ్డ చేత్తో కొనేవాళ్లూ పోయారు. తర్వాత విదేశీ మారక ద్రవ్యం కోసం విలాస వస్తువుల దిగుమతికి పగ్గాలు పడ్డాయి. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే యూరప్ గాజు కొత్త రూపు దిద్దుకుంది. మురానో దీవిలో ఫుల్వియో బియాంకోని వెనీని కార్ఖానా కోసం మడతపడ్డ చేతిరుమాలు లాంటి పాత్రలు రూపొందించాడు. ఫిన్లాండ్‌లో టాపియో విర్కాలా పుట్టగొడుగు ఆకారాన్ని గాజులోకి తెచ్చాడు. చెకొస్లొవేకియా కథ ఇంకా విచిత్రం. అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం చిత్రకారుల మీద పెట్టినంత నిఘా గాజు పనివాళ్ల మీద పెట్టలేదు. గాజును వాడుక వస్తువుగానే చూసింది. దాంతో కాన్వాసు మీద వీలుకాని నైరూప్య కళ కూజాల మీదికి ఎక్కింది. 1958 బ్రసెల్స్ ప్రదర్శనలో దాన్ని ప్రపంచం చూసింది.

ఇప్పుడు కొత్తగా సేకరించేవారికి అన్నిటికన్నా పెద్ద ఉచ్చు పేరు. చాలా పాత్రల మీద సంతకం ఉండదు, అంటించిన చీటీ ఊడిపోతుంది, వేరేది అంటించనూవచ్చు. పొరపొరలుగా రంగులు కనిపించే చెక్ పాత్రలు ‘మురానో’ పేరుతో ఎన్నో అమ్ముడుపోయాయి. ఆకారాన్నీ నమ్మలేం. ఆల్వార్ ఆల్టో 1936లో గీసిన అలల అంచు కూజాను ఇప్పటికీ తయారు చేస్తున్నారు. అందుకే పాత్రను తిరగేసి అడుగు చూడాలి: అడుగున అంటించి పట్టుకున్న కడ్డీని విరిచిన మచ్చ ఉందా, దాన్ని సానపట్టారా, ఏళ్ల తరబడి వాడిన సన్నని గీతలు అన్ని దిక్కులకూ పోయాయా, లేక గరుకు కాగితంతో ఒకే వైపు రుద్దారా. కొత్తవారికి మురానోకన్నా అచ్చుల్లో ఒత్తిన చెక్ గాజే మేలు. దాని ఆకృతులు కార్ఖానా కేటలాగుల్లో ఉంటాయి, పోల్చి తేల్చుకోవచ్చు. ఫ్రాంతిషెక్ విజ్నర్ వంటి కళాకారులు గీసిన నమూనాలూ వాటిలో ఉన్నాయి. కొనేముందు కన్నుకు అలవాటు కావాలంటే సాలార్ జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు గదిని తీరికగా చూడండి. శుక్రవారం మాత్రం దానికి సెలవు.