జీతం కోసుకున్న అధ్యక్షుడు

1966 అక్టోబర్ 22, శనివారం. టాంజానియాలోని దారెస్సలామ్‌లో ఎండ చురుక్కుమంటోంది. సముద్రపు గాలికి ఒళ్లు జిడ్డు కడుతుందే గానీ చెమట ఆరదు. అయినా మీ పక్కన నడుస్తున్న కుర్రాళ్లు కాలేజీ గౌన్లు తొడుక్కుని మరీ వచ్చారు. చేతుల్లో అట్టలు. ఒకదాని మీది రాత చదివి ఉలిక్కిపడతారు మీరు: ఇంతకంటే వలస పాలనే నయం. స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్లయినా నిండలేదు.

వీళ్ల కాలేజీ వయసూ అంతే. 1961 అక్టోబర్‌లో అధికార టాను పార్టీ భవనంలో, పట్టుమని పదిహేను మందైనా లేని న్యాయశాస్త్రం తరగతితో మొదలైంది. డిగ్రీలు లండన్ యూనివర్సిటీవి. ఊరి బయటి గుట్ట మీదికి మారింది 1964లో.

ఇప్పుడు ప్రభుత్వం చదువుకున్నవాళ్లంతా రెండేళ్లు జాతీయ సేవ చేయాలంటోంది. మొదట కొన్ని నెలలు శిబిరంలో ఉండాలి, తర్వాత 18 నెలలు ఉద్యోగం చేస్తూ జీతంలో 40 శాతమే తీసుకోవాలి. మంత్రులు దర్జాగా ఉంటే కోత మాకేనా అంటున్నారు వీళ్లు. అడగదగ్గ ప్రశ్నే. కాకపోతే ఆ గౌన్లు వేసుకుని అడగడంలో కాస్త పొగరుంది.

అధ్యక్ష భవనం ముందు అధ్యక్షుడు జూలియస్ న్యెరెరే నిలబడి వింటున్నారు. ఒకప్పటి బడిపంతులు, మకెరెరేలో, ఎడిన్‌బరోలో చదివినాయన. విద్యార్థి ఒకడు ప్రకటన చదువుతాడు: శరీరాలు శిబిరాలకు వస్తాయేమో, మనసులు మాత్రం రావు. ఆయన మెల్లగానే అందుకుంటారు. మనసు లేనివాణ్ణి ఎవర్నీ సేవలోకి తీసుకోను, సరే అంటారు. గెలిచామనే అనుకుంటారు చుట్టూ ఉన్నవాళ్లు. అంతలో గొంతు పెరుగుతుంది. జీతాల మాట మీరన్నది నిజమే, ఈ పేద దేశంలో మా జీతాలు ఎక్కువే, నా జీతంలో 20 శాతం తగ్గించుకుంటున్నా అంటారు. ఆ తర్వాతి మాటకు గుంపంతా బిక్కచచ్చిపోతుంది: మీరూ ఇళ్లకు వెళ్లండి. పోలీసులు పేర్లు రాసుకుంటారు. దాదాపు 400 మందికి చదువు ఆగిపోయింది.

శిక్ష మరీ కటువే. కానీ ఆ కోపం కుర్రాళ్ల దగ్గరే ఆగలేదు. సోషలిజమే దేశం బాట అని చాటిన 1967 ఫిబ్రవరి నాటి అరుషా ప్రకటన నాయకులకు రెండో జీతాన్నీ, అద్దె ఇళ్ల రాబడినీ నిషేధించింది. వెళ్లగొట్టినవాళ్లలో చాలామందిని ఏడాది తిరక్కుండానే మళ్లీ చేర్చుకున్నారు.

వాళ్లు తిరిగొచ్చాక గుట్ట మీద గాలి మారింది. గయానా నుంచి వచ్చిన వాల్టర్ రాడ్నీ చరిత్ర చెబుతున్నాడు. యువేరి ముసెవెని అనే ఉగాండా విద్యార్థి విప్లవ సంఘం నడుపుతున్నాడు. ఆ సంఘం పత్రిక ‘చేచే’ సర్కారు సోషలిజం చాలదంటూ రాసి 1970లో మూతపడింది. మొన్న సుఖాల కోసం నిలదీసిన గుట్టే ఇప్పుడు సమానత్వం కోసం నిలదీసింది, సర్కారుకు రెండూ రుచించలేదు. అదే ఏడాది జులై 1న దారెస్సలామ్ యూనివర్సిటీ సొంత డిగ్రీలిచ్చే జాతీయ విశ్వవిద్యాలయమైంది. ఛాన్సలర్ న్యెరెరేయే.