వంద గజాల్లో ఒక అంగుళం: మంచు దేశపు ఆదివాసీల తుపాకీ కథ



మన ఏజెన్సీలో పుట్టి పెరిగినోళ్లకు త్రీ నాట్ త్రీ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఠాణా ముందు సెంట్రీ భుజాన వేలాడిన పొడవాటి తుపాకీ. దాని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో లక్షల్లో తయారైంది. మన పెద్దోళ్ల మాటల్లో అది ఎప్పుడూ మన మీదికి గురిపెట్టిన తుపాకీయే. అదే తుపాకీని ఒక ప్రభుత్వం ఆదివాసీల చేతికిచ్చి, "ఇంట్లో పెట్టుకోండి, తిండి కోసం వేటకూ వాడుకోండి" అని చెప్పి, దగ్గర దగ్గర 70 ఏళ్లు అలాగే వదిలేసింది. ఆ దేశం కెనడా. ఆ తర్వాత దాని స్థానంలో ఇచ్చింది వేటగాళ్ల కోసం ఫ్యాక్టరీలో తయారయ్యే తుపాకీకి కొద్దిపాటి మార్పులు చేసిన రకం.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మన గ్రూపులో ఆ మధ్య తుపాకుల వీడియోల మీద పెద్ద చర్చే నడిచింది. తేలికైన కంపెనీ వేట తుపాకీని డబ్బాలోంచి తీసి కాలిస్తే, వంద గజాల దూరంలో మూడు తూటాలూ ఒక్క అంగుళంలో పడతాయట, నిజమేనా అని తమ్ముళ్లు అడిగారు. దానికి జవాబు కంపెనీల కాగితాల్లో కంటే మంచు మీద బతికే జనం దగ్గర బాగా దొరుకుతుందని మాకనిపించింది. ముందే ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట నేరం. ఈ పోస్టు చరిత్ర కోసం, అంతే.

1947లో కెనడా ప్రభుత్వం రేంజర్స్ అనే దళాన్ని పెట్టింది. ఉత్తరాన వేల కిలోమీటర్ల మంచు, సముద్ర తీరం. అక్కడ సైన్యాన్ని నిలబెట్టాలంటే ఖర్చు, పైగా బయటినుంచి వచ్చిన సైనికుడికి ఆ మంచులో దారే తెలీదు. దాంతో అక్కడే ఉండే వాళ్లను కాపలాకు పెట్టుకున్నారు. ఇన్యుయిట్లు, ఫస్ట్ నేషన్స్ వాళ్లు, మెటీలు, తీరం వెంట చేపలు పట్టుకునే తెల్లవాళ్లు కూడా. మొదట్లో వాళ్లకిచ్చింది చేతికి కట్టుకునే ఒక పట్టీ, ఒక లీ ఎన్‌ఫీల్డ్, ఏడాదికి 200 తూటాలు. ఇవాళ 200కు పైగా ఊళ్లలో సుమారు 5,000 మంది రేంజర్లున్నారు. ఎర్ర స్వెట్‌షర్టు, ఎర్ర టోపీ వాళ్ల గుర్తు.

మన చరిత్రతో పోల్చకుండా ఉండలేం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి మనవాళ్లు తుపాకులు లాక్కోవాల్సి వచ్చింది. అక్కడ పాతికేళ్ల తర్వాత సర్కారే పిలిచి చేతికిచ్చింది. అలాగని కెనడా సర్కారు దేవుడని అనుకోవద్దు. 1953లో అదే ప్రభుత్వం ఉత్తర క్యుబెక్‌లోని ఇనుక్‌జువాక్ నుంచి ఇన్యుయిట్ కుటుంబాల్ని ఓడెక్కించి, సుమారు 2,000 కిలోమీటర్ల అవతల గ్రీజ్ ఫియర్డ్, రెజొల్యూట్ అనే చోట్ల దింపేసింది. అక్కడ నెలల తరబడి సూర్యుడు కనిపించడు. వేట బాగుంటుందని వాళ్లకు చెప్పారు. క్షమాపణ రావడానికి 2010 దాకా పట్టింది. నిర్వాసితులు అనే మాట మనకు కొత్త కాదు కాబట్టి ఇంతకంటే వివరించనక్కర్లేదు.

ఇక గురి సంగతి.

తుపాకీ గురి కొలిచే పద్ధతి సులువే. వంద గజాల దూరంలో, అంటే దాదాపు 91 మీటర్లలో కాగితం పెడతారు. తుపాకీని బల్ల మీద ఇసుక సంచులకు ఆనించి, ఒకే చోటికి గురిపెట్టి మూడో ఐదో తూటాలు కాలుస్తారు. ఆ చిల్లుల్లో అన్నిటికంటే ఎడంగా పడ్డ రెండిటి మధ్య దూరమే ఆ తుపాకీ లెక్క. వంద గజాల్లో ఒక అంగుళం ఎడం వస్తే 200 గజాల్లో రెండు, 300 గజాల్లో మూడు అవుతుంది.

పాత లీ ఎన్‌ఫీల్డ్ ఈ పరీక్షలో ఫస్టు క్లాసు కాదు. సైన్యానికిచ్చిన మామూలు తుపాకీ వంద గజాల్లో మూడు నాలుగు అంగుళాలు కొడితే సరిపోతుందనుకునేవారు. పైగా నాలుగు కిలోల బరువు. దుర్భిణి లేదు, ఇనప గురి మాత్రమే. ఇన్ని లోపాలున్న తుపాకీతో జనం తరాల తరబడి కడుపు నింపుకున్నారంటే ఎలా కుదిరింది?

లెక్క వేసి చూద్దాం. కారిబూ అని అక్కడ గుంపులుగా తిరిగే కొమ్ముల జంతువు ఉంటుంది. దాని గుండె, ఊపిరితిత్తులుండే చోటు ఎనిమిది తొమ్మిది అంగుళాల వెడల్పు. మూడంగుళాల తుపాకీ 200 గజాల్లో ఆరంగుళాల్లో పడేస్తుంది. అంటే తుపాకీ వల్ల వచ్చే తప్పు ఆ చోటు లోపలే ఉంటుంది. మిగిలిందంతా మనిషి చేతిలోనే. సీల్ అయితే ఇంకా కష్టం, దాని తలకాయే చిన్నది, తప్పితే నీళ్లలోకి జారిపోతుంది. అందుకని ఇన్యుయిట్ వేటగాడు తెల్ల గుడ్డను తెరలా కట్టి, దాని వెనక మంచు మీద పాక్కుంటూ దగ్గరికి వెళ్తాడు. గురి తక్కువున్న తుపాకీకి మందు కంపెనీ దగ్గర లేదు, ఆ గుడ్డలో ఉంది. దగ్గరికి వెళ్లడం తెలిసినోడికి అంగుళంతో పనేంటి?

మరి తేలిక తుపాకీ ఎక్కణ్నుంచి వచ్చింది? రోజంతా నడిచే వేటగాడికి బరువే శత్రువు. అమెరికాలో వించెస్టర్ కంపెనీ 1952లో తన మోడల్ 70 తుపాకీని చెక్కి, సన్నం చేసి ఫెదర్‌వెయిట్ అని పేరు పెట్టింది, ఈక బరువని అర్థం. దుర్భిణి లేకుండా మూడు కిలోల లోపు. .308 అనే తూటాను అదే కంపెనీ అదే ఏడాది తెచ్చింది. ఆ తర్వాత ప్లాస్టిక్ పిడులొచ్చాయి. ఫిన్లాండ్ కంపెనీ సాకో 2003లో టిక్కా టీ3 తెచ్చింది, అందులో లైట్ రకం 2.8 కిలోలే. వంద గజాల్లో మూడు తూటాలు ఒక అంగుళం అని కంపెనీయే హామీ ఇచ్చింది. తమ్ముళ్లు వీడియోల్లో విన్న అంగుళం ఇలాంటి హామీల్లోంచి వచ్చిందే.

హామీ అబద్ధం కాదు. కానీ ఎన్ని తూటాలకు అన్నది చూడాలి. మూడు తూటాలు దగ్గరగా పడటంలో అదృష్టం పాలు ఉంటుంది. అదే తుపాకీతో పది కాలిస్తే ఆ ఎడం సగటున ఒకటిన్నర రెట్లు దాటుతుంది. తుపాకీ చెడిపోయి కాదు, లెక్క అలాంటిది. పైగా తేలిక తుపాకీ గొట్టం సన్నం. రెండు మూడు తూటాలకే వేడెక్కుతుంది, వేడెక్కితే కొద్దిగా వంగుతుంది, తూటాలు ఒక పక్కకు నడవడం మొదలెడతాయి. లావు గొట్టం ఈ వేడిని ఓర్చుకుంటుంది. ఇంకోటి తన్ను. ఒకే తూటాను నాలుగు కిలోల తుపాకీలోంచి, 2.8 కిలోల దాంట్లోంచి కాలిస్తే రెండోది 40 శాతం ఎక్కువ తంతుంది. ఆ దెబ్బ రెండుసార్లు తిన్నోడు మూడోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటాడు. అలా తప్పిన తూటాకు తుపాకీనే తిడతాడు. పరిగెత్తి రొప్పుతూ నిలబడి కాల్చేటప్పుడు కూడా తేలిక తుపాకీ చేతుల్లో ఎక్కువ ఊగుతుంది.

కాబట్టి మా జవాబు ఇది. మామూలు కంపెనీ తూటాలతో, మామూలు మనిషి కాల్చితే, తేలికైన వేట తుపాకీ నుంచి వంద గజాల్లో ఒకటిన్నర, రెండు అంగుళాలు ఆశించడం న్యాయం. అంగుళం వస్తే సంతోషం. రాకపోతే తుపాకీ పాడైందని కాదు. వేటగాడికి కావాల్సింది చల్లని గొట్టంలోంచి వెళ్లే మొదటి తూటా నిన్న పడ్డ చోటే ఇవాళా పడటం. మూడో తూటా అవసరమయ్యేసరికి జంతువు కొండ దాటేసి ఉంటుంది.

మంచు ప్రాంతంలో ఆ మొదటి తూటాను కాపాడుకోవడమే పెద్ద పని. చలికి తూటాలో మందు నెమ్మదిగా కాలుతుంది, తూటా కాస్త కిందికి పడుతుంది. నూనె గడ్డకట్టి లోపలి సూది కదలదు, అందుకే అక్కడ బోల్టుకు నూనె తుడిచేసి పొడిగా ఉంచుతారు. బయటి చలిలోంచి వెచ్చని ఇంట్లోకి తెస్తే ఇనుముకు చెమట పడుతుంది, మళ్లీ బయటికెళ్తే అదే మంచవుతుంది. కాబట్టి తుపాకీని చలిలోనే వదిలేస్తారు. తడికి చెక్క ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నెట్టినా గురి మారిపోతుంది. ఇసుక సంచుల మీద చేసే పరీక్షలో ఇవేవీ కనిపించవు.

లీ ఎన్‌ఫీల్డ్‌ను ఇక తయారు చేసేవాళ్లు లేరు, విడిభాగాలు దొరకడం తగ్గిపోయింది. కెనడా కొత్తది వెతికి టిక్కా టీ3ఎక్స్ దగ్గర ఆగింది. సాకో అనుమతితో ఒంటారియోలోని కిచనర్‌లో కోల్ట్ కెనడా దాన్ని తయారు చేసింది. పేరు సీ19, తూటా ఆ 1952 నాటి .308. మొత్తం 6,820 తుపాకులు, 2018కల్లా రేంజర్ల చేతికొచ్చాయి. ముందు రేంజర్ల చేతనే కాల్పించి, వాళ్లు చెప్పింది విన్నారు. అందుకే మందపాటి చేతి తొడుగులతో పట్టుకోవడానికి బోల్టు పిడి పెద్దది, ట్రిగ్గర్ చుట్టూ జాగా ఎక్కువ. మైనస్ 51 డిగ్రీల్లో పనిచేయాలన్నది షరతు. మంచులో పడిపోతే కనబడాలని చెక్క ఎర్ర రంగు. దీనికి మూలమైన రకం టిక్కాల్లో అన్నిటికంటే తేలికైనది కాదు, కాస్త లావు గొట్టం ఉన్నది. ధ్రువపు ఎలుగుబంటి మీదికొస్తే రెండో తూటా, మూడో తూటా కూడా కావాలి మరి. ఈక బరువు కోసం ఆశపడకపోవడం తెలివైన పనే అని మా అభిప్రాయం.

అన్నీ కుదిరాయి అనుకున్నాక చెక్క దగ్గర బెడిసింది. పలకలు అతికించి చేసిన ఆ ఎర్ర చెక్క కొన్నిటికి పగుళ్లిచ్చింది, తడిసినప్పుడు రంగు కారి చేతులకూ బట్టలకూ అంటుకుంది. పాతదానికి లేని జబ్బు కొత్తదానికొచ్చింది. చివరికి పిడులు మార్చే పని పెట్టుకోవాల్సి వచ్చింది.