రెండు మైళ్ళైనా లేని విమానయానము

స్కాట్లండుకు ఉత్తరమున, సముద్రమధ్యమున ఆర్క్నీ ద్వీపసమూహము కలదు. అందు వెస్ట్రే, పాపా వెస్ట్రే అను రెండు దీవుల విమానాశ్రయముల నడుమ దూరము 2.7 కిలోమీటర్లు, అనగా సుమారు 1.7 మైళ్ళు. హైదరాబాదుకు చేరువనున్న శంషాబాదు విమానాశ్రయములో ప్రధానమైన రన్‌వే పొడవే 4.26 కిలోమీటర్లు. ఇచట విమానము నేలమీద పరుగెత్తుటకు వేసిన బాటకంటె అచట రెండు దీవుల నడుమ ఆకాశమార్గము చిన్నదన్నమాట! ప్రపంచములో వేళప్రకారము నడచు విమాన సర్వీసులలో ఇంతకన్న పొట్టిది లేదు.

ఇంతపాటి దూరమునకు విమానమెందుకని విద్యార్థులు అడుగక మానరు. పటముమీద స్కేలు పెట్టి కొలిచినవారికి కనబడనిది నడుమనున్న సముద్రము. పడవమీద దాటుటకు సుమారు 25 నిమిషములు పట్టును; సముద్రము పోటెక్కిన దినమున పడవయే కదలదు. పాపా వెస్ట్రేలో నివసించువారు నూరుమందికి లోపే. వైద్యుడు రావలెనన్నను, ఉపాధ్యాయుడు రావలెనన్నను, పెద్ద తరగతుల పిల్లలు చదువుకు పోవలెనన్నను ఈ నీటిని దాటవలసినదే.

ఆర్క్నీకి విమానములను అలవాటు చేసినవాడు కెప్టెన్ ఫ్రెసన్. ఆయన హైలండ్ ఎయిర్‌వేస్ సంస్థ 1933 మే 8వ తేదీన ఇన్వర్‌నెస్ నుండి కర్క్‌వాల్‌కు సర్వీసు ప్రారంభించినది. అప్పటికి అచట విమానాశ్రయమన్నది లేదు. రైతుల పచ్చికబయళ్ళే ఆయనకు విమానాశ్రయములు. మరుసటి సంవత్సరము మే 29న అదే మార్గమున తపాలా సంచులుకూడ పోసాగినవి. వెస్ట్రే, పాపా వెస్ట్రేల నడుమ నేటి సర్వీసును 1967లో లోగన్‌ఎయిర్ సంస్థ ఆరంభించినది. తరువాత ఈ మార్గమునకు స్థిరపడినది ఐలండర్ అను చిన్న విమానము. ఇది 1965లో మొదటిసారి ఎగిరినది. రెండు ఇంజనులు, ఎనమండుగురు ప్రయాణికులు, పొట్టి రన్‌వే చాలును.

ఇక కాలము సంగతి. కాలపట్టికలో ఈ ప్రయాణమునకు 2 నిమిషములు వేసినారు. 2 నిమిషములలో 2.7 కిలోమీటర్లనగా గంటకు 81 కిలోమీటర్లు. మన రోడ్లమీద బస్సు వేగము! కాని ఐలండర్ గంటకు 200 కిలోమీటర్లకు పైగా పోగలదు. మరి మిగిలిన కాలమేమైనది? విమానము గాలికెదురుగా లేచి, గాలికెదురుగా దిగవలెను. ఎదురుగాలి రెక్కలను పైకెత్తుటకు తోడ్పడును, నేలమీద పరుగు తగ్గును. గాలి దారికి అనుకూలించనినాడు విమానము చుట్టు తిరిగి దిగవలసివచ్చును. హైదరాబాదు నుండి మద్రాసుకు పోవునపుడు ఇట్టి నిమిషమొకటి ఎవరి లెక్కకును రాదు. ఇచట అది ప్రయాణములో సగము.

చుట్టు తిరుగ నవసరము లేనినాడు కాలము ఎంత కురుచయగునో స్టూవర్ట్ లింక్‌లేటర్ అను పైలట్ చూపించినాడు. ఆయన ఈ మార్గమును 53 సెకండ్లలో దాటినాడు. దూరము 2,700 మీటర్లు కాబట్టి సెకండుకు సుమారు 51 మీటర్లు, అనగా గంటకు సుమారు 183 కిలోమీటర్లు. ఇది స్థూలమైన లెక్కయే. రెండు విమానాశ్రయముల నడుమ దూరము వేరు, విమానము గాలిలో గీసిన దారి వేరు.

లింక్‌లేటర్ 2013లో ఉద్యోగవిరమణ చేయునప్పటికి ఈ మార్గమున 12,000 సార్లకు పైగా ఎగిరినాడు. పన్నెండువేల ప్రయాణములను వరుసగా అతికినను 32,400 కిలోమీటర్లే. భూమిని ఒకసారి చుట్టుటకు ఇంకను సుమారు 7,700 కిలోమీటర్లు తక్కువ.