వేంగి కోడళ్లు, చోళుల ఆడపడుచులు

గోదావరి పాయలైన గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమ భూములు తూర్పు చాళుక్యుల వేంగి రాజ్యంలో భాగంగా ఉండేవి. ఆ రాజుల దానాలను రాగిరేకులపై చెక్కిన తామ్రశాసనాలలో కొన్ని ఈ పరిసరాలకే చెందినవి. అమలాపురం తాలూకాలో దొరికిన విమలాదిత్యుని రణస్థిపూండి శాసనం, గౌతమి ఒడ్డునున్న కోరుమిల్లి పేరుతో ప్రసిద్ధమైన రాజరాజ నరేంద్రుని శాసనం, 'రెండేఱులనడిమి విషయం'లోని, అంటే రెండు నదుల మధ్యనున్న మండలంలోని ఒక గ్రామాన్ని 1053లో దానమిచ్చిన నందంపూడి శాసనం వాటిలో ముఖ్యమైనవి. దానపత్రాలే అయినా ఇవి రాజవంశావళిని కూడా చెబుతాయి గనుక, రాజు ఎవరి కుమార్తెను పెండ్లాడాడో, ఏ రాణికి ఏ రాజు పుట్టాడో తెలుసుకోవడానికి వీటిని మించిన ఆధారం లేదు.

రాణులు దానకర్తలుగా కనబడటం వేంగిలో తొలినాటి నుంచీ ఉంది. వంశకర్త కుబ్జ విష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి 7వ శతాబ్దిలో బెజవాడలోని నడుంబివసతి అనే జైన ఆలయానికి గ్రామాన్ని ధారపోసింది. అయితే రాజ్యం దిశనే మార్చివేసినది మాత్రం 11వ శతాబ్దిలో మూడు తరాలపాటు చోళ రాజకుటుంబం నుంచి వచ్చిన కోడళ్ల పరంపర.

అంతఃకలహాలలో రాజ్యం కోల్పోయి చోళదేశంలో తలదాచుకున్న చాళుక్య సోదరులలో పెద్దవాడైన శక్తివర్మను రాజరాజ చోళుడు వేంగి గద్దెపై నిలిపి, చిన్నవాడైన విమలాదిత్యునికి తన కుమార్తె కుందవను ఇచ్చి వివాహం చేశాడు. విమలాదిత్యుడు 1011లో రాజయ్యాడు. అతని మరణానంతరం కుందవ కుమారుడైన రాజరాజ నరేంద్రునికీ, మరో రాణి కుమారుడైన విజయాదిత్యునికీ మధ్య వారసత్వపు పోరు చెలరేగగా, మేనమామ రాజేంద్ర చోళుని సైన్యం అండగా నిలిచినందున 1022లో నరేంద్రునికి పట్టాభిషేకం జరిగింది. ఇక్కడ గద్దెను నిర్ణయించినది తల్లి పుట్టింటి బలం. నరేంద్రుడు ఆ మేనమామ కుమార్తె అమ్మంగదేవిని పెండ్లాడాడు. వారి కుమారుడు రాజేంద్రుడు కూడా తన మేనమామ, రెండవ రాజేంద్ర చోళుని కుమార్తె మధురాంతకినే చేపట్టాడు. మేనమామ కూతుర్ని చేసుకోవడం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రం పేర్కొన్నది. సామాన్యులలో ఆస్తినీ అనుబంధాన్నీ నిలిపే మేనరికం రాజుల చేతిలో రాజ్యతంత్రమైంది.

ప్రాచీన ఈజిప్టు రాజనీతి ఇందుకు సరిగ్గా విరుద్ధం. అక్కడ ఫారో, అంటే రాజు, సవతి చెల్లెలిని పెండ్లాడటానికి అభ్యంతరం ఉండేది కాదు. రెండవ థుత్మోసుకు రాణియై, ఆపై తానే ఫారోగా పాలించిన హత్‌షెప్సుత్ అతని సవతి సోదరే. క్రీ.పూ. 14వ శతాబ్దిలో మూడవ అమెన్‌హోటెప్ మితన్ని, బాబిలోన్ రాజుల కుమార్తెలను తన అంతఃపురానికి రప్పించుకున్నాడు గాని, బాబిలోన్ రాజు ఈజిప్టు రాకుమార్తెను కోరినప్పుడు, తమ దేశపు రాచకన్యను పరాయివారికి ఇచ్చే ఆనవాయితీ ఏనాడూ లేదని తిరస్కరించాడు. ఆ సంగతి ఈజిప్టులోని అమర్నాలో దొరికిన మట్టిపలకల లేఖలలో ఉంది. ఆడపిల్లనిస్తే ఆమె బిడ్డకు తమ సింహాసనంపై హక్కు పుడుతుందన్న శంక ఆ నిరాకరణ వెనుక ఉండి ఉంటే, అది అకారణమైనది కాదని చోళుల చరిత్రే చూపుతుంది. 1070లో చోళరాజు అధిరాజేంద్రుడు మరణించగా, అమ్మంగ కుమారుడైన వేంగి రాజేంద్రుడే కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనం అధిష్ఠించాడు. వేంగిని అదుపులో ఉంచుకోవడానికి కుమార్తెలనిచ్చిన వంశం చివరకు కుమార్తె కొడుకు చేతికే వెళ్లింది.

దాని ఫలితం వేంగికి మేలు కాలేదు. రాజు దక్షిణాన స్థిరపడటంతో గోదావరి సీమ రాజప్రతినిధుల పాలనలోకి జారింది. మధురాంతకి కుమారులలో రాజరాజ ముమ్మడిచోడుడు ముందుగా ఇక్కడికి వచ్చి, తల్లిదండ్రుల పాదసేవ కంటే రాజ్యసుఖం గొప్పది కాదంటూ ఏడాదికే తిరిగి వెళ్లిపోయాడని గౌతమికి ఉత్తరాన దొరికిన చెల్లూరు శాసనం చెబుతున్నది. అతని స్థానంలో తమ్ముడు వీరచోడుడు 1078లో వేంగి పాలనను చేపట్టాడు.