శాంతినికేతన విద్యలో నాటకము

బాల్యమున రవీంద్రనాథ ఠాకూరు కలకత్తాలోని తమ జోడాసాంకో భవనపు వసారాలో ఒక పాఠశాల నడిపెను. కటకటాల కొయ్యకమ్ములే అందలి శిష్యులు. గురువు చేతిలో బెత్తము. మొండివారని తాను నిర్ణయించిన కమ్ములకు దెబ్బలు తప్పెడివి కావు. ‘జీవనస్మృతి’లో ఈ ముచ్చట చెప్పుచు, ఉపాధ్యాయులు బోధించిన విషయముకంటె వారి అసహనము, పక్షపాతము తనకు సులువుగా అబ్బినవని ఆయన గుర్తించెను. బాలుడు విన్నదానికంటె అభినయించినదానినే త్వరగా తనదిగా జేసికొనును. ఈ శక్తిని దండనమునుండి మరలించి వికాసమునకు వినియోగించుటయే అనంతర కాలమున ఆయన విద్యాప్రయత్నములలో ముఖ్యమైన దాయెను.

1901 డిసెంబరు 22వ తేదీన శాంతినికేతనమున ఐదుగురు విద్యార్థులతో బ్రహ్మచర్యాశ్రమము ప్రారంభమయ్యెను. చెట్లనీడయే తరగతి గది. పరభాషాబోధనకై 1909లో రవీంద్రుడు ‘ఇంగ్రేజీ శ్రుతిశిక్ష’ యను వాచకమును రచించెను. పుస్తకము విప్పుటకు ముందు చెవి అలవాటుపడవలెననుట దాని పద్ధతి. రమ్మని గురువు ఆంగ్లమున పలికినచో బాలుడు రావలెను, పొమ్మన్నచో పోవలెను. వ్యాకరణ సూత్రముకంటె ముందు మాట దేహమున కెక్కును. పాఠము చిన్నపాటి నాటక మగును.

అంతకు ముందటి యేడు, 1908లో, ఆశ్రమ బాలురకొఱకు ‘శారదోత్సవము’ వెలువడెను. బాలుర పాఠశాల గనుక అందు స్త్రీపాత్రలు లేవు. శరత్కాలపు సెలవులు వచ్చినవి. పిల్లలందఱు ఆటపాటలలో నుందురు. ఉపనందుడు మాత్రము ఒంటరిగా గూర్చుండి వ్రాతప్రతులకు నకళ్ళు వ్రాయుచుండును. మరణించిన తన గురువు లక్షేశ్వరుడను లోభికి పడిన బాకీని ఆ విధముగా తీర్చుటయే అతని సంకల్పము. సన్న్యాసివేషమున తిరుగుచున్న రాజు అది చూచి, బాలురతో కూడ తానును వ్రాతకు గూర్చుండును. ఋణము తీర్చుటయే ఉత్సవమగును. కృతజ్ఞతపై ఉపన్యాసము వినిన బాలుడు దానిని మఱచిపోవచ్చును. ఉపనందుని పాత్ర ధరించిన బాలుడు మఱచుట కష్టము.

ప్రదర్శన విధానము సయితము విద్యలో భాగమే. చిత్రించిన తెరలు ప్రేక్షకుని ఊహాశక్తిని అవమానించునని రవీంద్రుడు 1902లోనే ‘రంగమంచ’ వ్యాసమున వాదించెను. ఆశ్రమమున కొమ్మలు, పూలు, ఆకాశము చాలినవి. అభ్యాసములు తలుపులు మూసి జరుగలేదు. వేషము లేని బాలుడు సయితము ప్రక్కన గూర్చుండి పాటలు, మాటలు నేర్చెడివాడు. గురువులును శిష్యులును ఒకే రంగస్థలముపై నిలిచిరి. 1916 జనవరిలో బాంకుడా క్షామబాధితుల సహాయార్థము జోడాసాంకోలో ‘ఫాల్గుణి’ని ప్రదర్శించినపుడు కవి స్వయముగా గ్రుడ్డి బావులు పాత్ర ధరించెను.

‘అచలాయతన’మున ఆయన మఱింత సాహసించెను. 1912లో గ్రంథరూపము దాల్చిన ఈ నాటకమున ఒక విద్యాలయమే విమర్శకు గుఱియైనది. ఉత్తరపు కిటికీ తెఱచుట అచట మహాపాతకము. సుభద్రుడను బాలుడు దానిని తెఱచును. పాఠశాలకై వ్రాయు నాటకకర్త పాఠశాలనే ప్రశ్నించుట సామాన్యము గాదు.

ఇట్టి నాటకవిద్య ఎంతటి బరువు మోయగలదో 1942లో తెలిసినది. ‘డాక్‌ఘర్’ 1911 నాటి రచన. వ్యాధిచే గదిలో బందీయైన అమలుడు కిటికీకడ గూర్చుండి, రాజునుండి వచ్చు ఉత్తరమునకై ఎదురు చూచుచు నిద్రించును. నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా వాడలో, వైద్యుడును విద్యావేత్తయునగు యానుష్ కోర్చాక్ నడుపుచున్న అనాథశరణాలయపు పిల్లలు 1942 జూలై 18న ఈ నాటకము నాడిరి. మరణమును ప్రశాంతముగ స్వీకరించుట పిల్లలు నేర్వవలెనని ఆయన తలచినట్లు చెప్పుదురు. మూడు వారములైనను గడువకమునుపే ఆ పిల్లలను ట్రెబ్లింకా వధ్యశిబిరమునకు తరలించిరి. కోర్చాక్ వారిని విడువక వెంట నడచెను. నాటకము వారి ప్రాణములను కాపాడలేదు. గోడల నడుమ నున్న ఆ బాలలకు ఒక్క సాయంత్రము కిటికీ తెఱచినది.

శాంతినికేతనమున చదివిన బెజవాడ గోపాలరెడ్డి రవీంద్రుని రచన లనేకము తెలుగు చేసెను. అనువాదములవలన కవి మనకు చేరువయ్యెను. ఉపాధ్యాయుడైన రవీంద్రుడు అంతగా కాలేదు. మన బడులలో నాటకము తఱచు వార్షికోత్సవపు అలంకారముగనే మిగులుచున్నది. ‘గీతాంజలి’ వ్రాసిన చేయియే పదేండ్ల బాలునకు ‘రమ్ము, పొమ్ము’ అను పాఠము వ్రాసెను. దానిని తక్కువ పనిగా నెంచలేదు. తెలుగు రచయితలు ఆ చరిత్రలో ముందుగా గమనింపదగిన దిదియే.