మైదానమా.. శిక్షణ కేంద్రమా? ‘గోల్కొండ హైస్కూల్‌’ చెప్పిన కథ

మాణికేశ్వర్‌ నగర్‌: పదిమందీ కలిసే చోటు ఒక్కసారిగా మాయం కాదు. ముందు వచ్చేవారు తగ్గుతారు. ఆపై ఆ స్థలానికి ధర కట్టేవారు వస్తారు. ఈ క్రమాన్ని బడి మైదానం నేపథ్యంలో తెలుగు తెరపై చూపిన చిత్రం ‘గోల్కొండ హైస్కూల్‌’. ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న మాణికేశ్వర్‌ నగర్‌, తార్నాక వాసులకు ఇది దగ్గరి కథ. దీనికి మూలమైన నవలను రాసింది ఉస్మానియా పూర్వ విద్యార్థి కావడం విశేషం.

నవల నుంచి తెరకు
ఉస్మానియాలో ఇంజినీరింగ్‌ చదివిన హరిమోహన్‌ పరువు, హైదరాబాద్‌ తరఫున రంజీ క్రికెట్‌ ఆడారు. ఆంగ్లంలో ఆయన రాసిన ‘ది మెన్‌ వితిన్‌’ 2007లో వెలువడింది. మోహనకృష్ణ ఇంద్రగంటి దర్శకత్వంలో ఆ నవల 2011 సంక్రాంతికి చిత్రంగా వచ్చింది. సుమంత్‌, స్వాతి ప్రధాన పాత్రధారులు. కల్యాణి మాలిక్‌ సంగీతం అందించారు. జట్టులోని బాలుల్లో ఒకరైన సంతోష్‌ శోభన్‌ అనంతరం కథానాయకుడయ్యారు.

కథ ఇదీ
పాఠశాల మైదానంలో ఐఐటీ శిక్షణ కేంద్రం కట్టాలన్నది పాలకమండలి సభ్యుడి పట్టు. ఆ పాత్రను సుబ్బరాజు పోషించారు. ప్రిన్సిపాల్‌గా నటించిన తనికెళ్ల భరణి అందుకు అంగీకరించరు. చివరకు ఒక ఒప్పందం కుదురుతుంది. అంతర పాఠశాలల క్రికెట్‌ పోటీలో బడి జట్టు గెలిస్తే మైదానం మిగులుతుంది. లేకుంటే చేజారుతుంది. ఆట మీద ఆశ వదులుకున్న పిల్లలను జట్టుగా మలిచే బాధ్యత పూర్వ విద్యార్థి సంపత్‌పై పడుతుంది.

ప్రతినాయకుడు ఒక్కడేనా?
శిక్షణ కేంద్రం కోరిక కల్పితం కాదు. ఉస్మానియాకు చేరువలోని నల్లకుంటలో చుక్కా రామయ్య నడిపిన ఐఐటీ శిక్షణ కేంద్రంలో చేరడానికే ప్రవేశ పరీక్ష ఉండేది. పిల్లల భవిష్యత్తుపై తల్లిదండ్రుల ఆరాటం అంతటిది. మైదానానికి అసలు పోటీ ఈ ఆరాటమే. అందుకే ‘ఆటతో ఏమొస్తుంది?’ అన్న ప్రశ్నకు చిత్రం విజయాన్నే జవాబుగా చూపింది.

అక్కడే ఒక సందేహం మిగులుతుంది. గెలిచిన జట్టుకే మైదానం దక్కితే, ఓడిన బడి పిల్లలు ఎక్కడ ఆడాలి? ఇరుకు సందుల బస్తీల్లో పెరిగే పిల్లలకు కప్పు కంటే ముందు కావలసింది కాలు మోపే చోటు.

చట్టం మాట
ఈ సందేహానికి సమాధానం చట్టంలో ఉంది. 2010 ఏప్రిల్‌ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, బడికి ఉండాల్సిన వసతుల్లో తరగతి గది, తాగునీరు, మరుగుదొడ్లతో పాటు ఆటస్థలాన్నీ చేర్చింది. అయితే ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, 8వ తరగతి వరకే వర్తిస్తుంది. ఆపై చదువులకు, ముఖ్యంగా ఇంటర్‌ కళాశాలలకు ఆ రక్షణ లేదు.

తెరపై మైదానాన్ని కాపాడింది ఆఖరి మ్యాచ్‌. బయట మాత్రం అది రోజూ సాయంత్రం అక్కడికి చేరే పిల్లల వల్ల, వారిని పంపే పెద్దల వల్లే నిలుస్తుంది. ఖాళీగా కనిపించిన స్థలానికే ముందుగా కొలతలు పడతాయి.